బొమ్మ తెగిన చోట

నిరుడు మాఘం నుంచి వైశాఖం దాకా మా ఇంట్లో రోజూ ఒక మనిషి అన్నం మిగిలేది. రాత్రి నీళ్లు పోసి ఉంచితే పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని నేను తినేవాణ్ణి. చద్దన్నం మీద నాకు మోజేమీ లేదు. ఎవరో ఒకరు తినకపోతే ఆ మిగిలిన అన్నాన్ని మా వదిన చూడాల్సి వస్తుందని తినేవాణ్ణి.

మా వదిన లక్ష్మీనరసమ్మ బియ్యాన్ని గ్లాసుతో కొలవదు, గుప్పెళ్లతో కొలుస్తుంది. మనిషికి మూడు గుప్పెళ్లు. డబ్బాలోంచి చేటలోకి తీస్తున్నప్పుడు ఒక్కొక్కరినీ తలుచుకుంటుంది, పెదాలు కదులుతాయి. మా అన్నయ్య జగన్నాధం, నేను, నా భార్య ఈశ్వరి, తను, ఆఖర్న కిట్ట. కిట్ట అంటే మోహనకృష్ణ, వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. మాఘమాసంలో టెక్కలి నుంచి బండి మీద వస్తూ హైవే మీద లారీ గుద్ది పోయాడు. శ్రీకూర్మం వెళ్లి అస్థికలు కలిపి వచ్చాం. వదిన ఏడవలేదు. వచ్చిన సాయంత్రమే చేట ముందేసుకుని కూర్చుని, ఎప్పటిలాగే అయిదుగురికి బియ్యం తీసింది.

ఈశ్వరి ఏదో అనబోయింది. నేను వద్దన్నట్టు చూశాను. ఆ తరవాత మూడు నెలలు ఎవరం ఏమీ అనలేదు.

అసలు ఆ రోజు సంగతే మా ఇంట్లో ఎవరం ఎత్తలేదు. ఎవరైనా పలకరించడానికి వస్తే అన్నయ్య "మద్దేన్నం పోనొచ్చింది" అనేవాడు. అక్కణ్ణుంచి నేరుగా "పదోరోజు శ్రీకూర్మంలో సేసేం" అనేవాడు. మధ్యలో ఆస్పత్రి, పోలీసులు, ఆ తెల్లగుడ్డ, అన్నీ గెంతేసేవాడు. ఎవరైనా ఇలా కష్టమైన చోటు దాటేసి చెబితే గెంతేశాడు అనడం మా ఊరి అలవాటు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలంటే బంగారురాజుగారి బొమ్మ సంగతి చెప్పాలి.

బంగారురాజుగారు బొబ్బిలి మనిషి. సినిమాలకు ఇంకా మాటలు రాని రోజుల్లో మద్రాసు వెళ్లి సినిమాలు తీశాడు. వాటిలో ఒకటి 'తల్లిగడప'. ఓడెక్కి రంగూన్ వెళ్లిన కొడుకు కోసం ఒక తల్లి ఎదురుచూడ్డం, చివరికి వాడు లేడని కబురు రావడం, అంతే కథ. మా తాతల కాలంలో, ఊరిని మశూచి పట్టి వదిలిన ఏడు, అమ్మవారి సంబరానికి ఒక డేరావాడు ఆ బొమ్మ తెచ్చి ఆడించాడు. ఊరు ఊరంతా కూర్చుని ఏడ్చింది. చచ్చిపోయిన పిల్లల కోసం ఏడవడానికి అంతవరకూ వాళ్లకి తీరిక దొరకలేదేమో. ఏటేటా ఈ బొమ్మ ఆడిస్తాం తల్లీ అని అమ్మవారికి మొక్కేసుకున్నారు.

మరుసటి ఏడు డేరావాడు రాలేదు. ఆ పైయేడూ రాలేదు. సినిమాలకు మాటలొచ్చేశాయి, మూగబొమ్మల్ని అడిగే నాథుడు లేడు. మొక్కు మాత్రం మొక్కే కదా. బొమ్మ రాకపోతే మనమే బొమ్మ అవుదాం అన్నారు మా వాళ్లు. చూసింది చూసినట్టుగా, నోట మాట లేకుండా, తెల్లపంచె ముందు ఆడారు. అప్పట్నుంచి వైశాఖంలో సంబరం ఆఖరి సాయంత్రం మా ఊళ్లో మూగబొమ్మ ఆడని ఏడు లేదు.

అందులో మా ఇంటికి రెండు వంతులున్నాయి. ఒకటి తల్లి వేషం, రెండోది చట్రం. చట్రం అంటే కిటికీ అంత పనసచెక్క చట్రం. దాన్ని పట్టుకుని నేను ఆట పక్కనే నడుస్తాను. బంగారురాజుగారు కాళ్లు చూపించిన చోట కాళ్ల ముందు పెడతాను, గడప చూపించిన చోట గడప ముందు పెడతాను. చట్రం బయట ఏం జరిగినా మా ఊరివాళ్లకు కనపడదు. వేషగాడు పక్కనే నిలబడి చీర కట్టుకుంటున్నా చూడరు. నేను చట్రం దించితే బొమ్మ అయిపోయినట్టు.

ఆయన పద్ధతి ఒకటుంది. దుఃఖం వచ్చిన చోట మొహం చూపించడు. బొమ్మ మొత్తం మీద తల్లి వీపే కనపడుతుంది, చేతులు కనపడతాయి. మనిషి వెళ్లిపోయాక కూడా ఖాళీ గడపని చాలాసేపు చూపిస్తాడు. అది మాకు ఎంత ఒంటబట్టిందంటే, మా ఊళ్లో ఎవరైనా ఏడుస్తుంటే పక్కవాళ్లు అటు తిరిగి కూర్చుంటారు. బయటివాళ్లకు అది మొరటుగా తోస్తుంది. మాకు మర్యాద. కోటబొమ్మాళిలో స్టూడియో పెట్టుకున్న రమేష్‌బాబు మా ఊరివాడే. అప్పగింతలప్పుడు పెళ్లికూతురి మొహం వదిలేసి, గడప దాటే కాళ్లు వీడియో తీస్తాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అదే కావాలని అడిగి మరీ తీయించుకుంటున్నారు.

తల్లి వేషం నాకు ఊహ తెలిసేనాటికి మా నాన్న వేసేవాడు, తరవాత అన్నయ్య. మోకాళ్లు అరిగిపోయాక అన్నయ్య వల్ల కాలేదు. ఆడమనిషి ఆడ్డమేమిటని పెద్దలు గునిసినా, కనపడేది వీపే కదా అని వదిన దిగింది. చూసినవాళ్లు తెల్లబోయారు. కాళ్లు మడిచి చేట ముందు కూర్చుంటే ఆ వీపే మాట్లాడుతున్నట్టు ఉండేది.

చైత్రం వెళ్తుండగా అప్పలసూరి మావ మా ఇంటికి వచ్చాడు. మూగబొమ్మకి ఆయనే పెద్ద, కబురు తెచ్చేవాడి వేషం కూడా ఆయనదే. కుర్చీ వేసినా కూర్చోకుండా వాకిట్లో నిలబడ్డాడు.

"ఒరే అల్లుడా, మీకు ఏటిసూతకం ఉన్నాది కదా. ఈ ఏడు తల్లేషం ఇంకొకరికి ఇచ్చేద్దునేటి అనుకుంతన్నాను. మల్లీ ఏడు మీరే ఏసుకోండి."

నా గుండెల మీంచి బరువు దిగింది. సరే మావా అనబోతుంటే లోపల్నుంచి వదిన వచ్చింది.

"ఎవులికీ ఇవ్వక్కర్లేదు. నాను ఏస్తాను" అంది.

"అది కాదమ్మా. కొడుకు పోయిన తల్లేషం. నీకు మరి..."

"మొక్కు అమ్మోరిది కదా బాబూ. గుడిలోకి రాను, పందిట్లోకి రాను. బొమ్మ కాడికే వస్తాను."

అప్పలసూరి మావ నా వైపు చూశాడు. నేను అన్నయ్య వైపు చూశాను. అన్నయ్య మోకాళ్లు రాసుకుంటూ నేల చూస్తున్నాడు.

సాయంత్రం పెరట్లో వదిన అంట్లు తోముతుంటే వెళ్లి చెప్పాను. "వొదినా, నా మాటిను. ఇంట్లో నువ్వు నిలబడ్డావని మేవందరం నిలబడ్డాం. అక్కడ కూకొని ఆ కబురు నువ్వు ఇనలేవు."

"ఏటేటా ఇంతన్నాను కదేటి."

"అప్పుడు కిట్ట ఉన్నాడు."

వదిన గిన్నె బోర్లించింది. "ఈపే కదరా కనపడేది" అంది. అక్కడితో ఆ మాట తెగిపోయింది. నాకు భయం వేసింది. ఏడవని మనిషిని చూస్తే నాకు ఎప్పుడూ భయమే. లోపల ఏదో పెళుసుగా ఉంటుంది, ఎక్కడో తగిలితే ముక్కలవుతుందనిపిస్తుంది. ఆ తగిలే చోటు ఆ వేదికేనని నాకు గట్టిగా తోచింది.

వైశాఖం రాగానే బడి అరుగు మీద సాధకం మొదలైంది. రెండో రోజున విశాఖపట్నం నుంచి అర్చన అనే అమ్మాయి వచ్చింది. బంగారురాజుగారి మీద పరిశోధన చేస్తోందట. ఆయన తీసిన వాటిలో ఒక్క రీలూ మిగల్లేదని, నాలుగు ఫొటోలు, పాత పత్రికల్లో వచ్చిన కాసిని ముక్కలు తప్ప ఏమీ దొరకలేదని చెప్పింది. రమేష్‌బాబు ద్వారా మా సంగతి తెలిసి వచ్చింది. నేల మీద కూర్చుని కళ్లార్పకుండా చూసింది.

ఆట మొదలవగానే, మామూలుగానే, ఇద్దరు మనుషులు గోడెక్కి బుట్టల్లోంచి ఊక జల్లడం మొదలుపెట్టారు. ఆటంతా అలా సన్నగా రాలుతూనే ఉంటుంది. ఎండ కాసే చోటా రాలుతుంది, ఇంట్లో దీపం దగ్గరా రాలుతుంది.

"ఆ ఊక ఎందుకండీ?" అంది అర్చన.

"వాన. ఆ బొమ్మలో మొదట్నుంచి ఆకరుదాకా వానే. అది బంగారురాజు గొప్ప" అన్నాడు అప్పలసూరి మావ.

ఆ అమ్మాయి కాసేపు తటపటాయించింది. "బాగా అరిగిన ఫిల్ము మీద గీతలు పడతాయండీ. తెర మీద చూస్తే సన్న వానలాగే ఉంటుంది. డేరాలో తిరిగీ తిరిగీ అరిగిన ప్రింటు అయ్యుంటుంది. ఆయన వాన తీసి ఉండరు."

తొంభై ఏళ్లు ఊక జల్లాం మరి. గోడ మీదున్న ఇద్దరూ బుట్టలు ఒళ్లో పెట్టుకుని పెద్దాయన వైపు చూశారు. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"అయితే అయిందిలే. మా వాన మాది. జల్లండ్రా" అన్నాడు.

అందరం నవ్వాం. వదిన కూడా కొంచెం నవ్వింది. మాఘం తరవాత ఆ పెదాలు అలా కదలడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి మీద నాకు కాస్త మంచి అభిప్రాయం కలిగింది. తరవాతి గంటలో అది పోయింది.

ఆఖరి ఘట్టం వచ్చింది. తల్లి ఇటు వీపు పెట్టి బియ్యం చెరుగుతుంటుంది. నేను చట్రాన్ని ఆ చేతుల ముందు పెడతాను. తరవాత కబురు తెచ్చేవాడి కాళ్లు, గడప అవతల వచ్చి ఆగుతాయి. చట్రం అక్కడికి. వాడు వంగి ఏదో చెబుతాడు. డప్పు ఒక్క దెబ్బ. ఆ దెబ్బతో తల్లి కూర్చున్న చోటు నుంచి ఒక్క గెంతున గడపలోకి వచ్చి నిలబడుతుంది, నేను అప్పటికే చట్రంతో అక్కడుంటాను. ఆ గెంతు మా ఊరి ఆటకి ప్రాణం. కబురు వినగానే తల్లి ప్రాణం ఎగిరి గడప మీద పడిందని, ఇలా చూపించడం బంగారురాజుగారికి తప్ప ఎవరికీ చేతకాదని మా నాన్న చెప్పేవాడు. తల్లి వేషానికి మనిషిని ఎంచేది ఆ గెంతు చూసే.

అర్చన పుస్తకం మూసేసింది. నన్ను పక్కకి పిలిచింది. "ఉపేంద్ర గారూ, చెప్పాలో వద్దో తెలియట్లేదు. అక్కడ ప్రింటు తెగి ఉంటుంది. తెగిన ముక్క పాడైతే అది కత్తిరించేసి, రెండు కొసలూ అతికించేవాళ్లు. తెర మీద చూస్తే మనిషి కూర్చున్న చోటు నుంచి గెంతినట్టే ఉంటుంది."

"అంటే మా తాతలు ఎర్రిబాగులోల్లా?" అన్నాను. కోపం వచ్చింది నాకు. ఊక పోతే పోయింది. ఈ గెంతు మా నాన్నది, మా అన్నయ్యది.

"కాదండీ. వాళ్లు చూసింది ఒక్క ముక్క వదలకుండా దాచారు. తెగిన చోటుతో సహా దాచారు. నాకు ఏడుపొస్తోంది అది చూస్తే" అంది. నిజంగానే కళ్లు తుడుచుకుంది. నేను అలవాటు కొద్దీ అటు తిరిగాను. తిరిగేసరికి వెనక వదిన నిలబడి ఉంది, చేట చంకలో పెట్టుకుని.

"మద్దెలో ఏటుండేదమ్మా?" అని అడిగింది.

"తెలియదండీ. ఎక్కడా రాసి లేదు. ఆయన పద్ధతిని బట్టి చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. చేతులతో చేసే చిన్న పనేదో పెట్టి ఉంటారు. కబురు విన్న తరవాత ఆ తల్లి మొదట చేసిన పని."

వదిన తల ఊపింది. ఆ రాత్రి కూడా అయిదుగురికే బియ్యం తీసింది.

సంబరం ఆఖరి రోజు దీపాలవేళకి బడి ముందు వీధి నిండిపోయింది. పెట్రోమాక్సు లైట్లు పోయి ఇప్పుడు తెల్లటి ఫోకస్ లైటు పెడుతున్నారు. అన్నయ్య ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, పక్కనే ఈశ్వరి. అర్చన ఒక మూల కెమెరా పెట్టుకుంది. గోడ మీంచి ఊక రాలడం మొదలైంది.

మొదట్నుంచీ వదిన తప్పు పోలేదు. కొడుకుని సాగనంపేటప్పుడు భుజం మీద చెయ్యి వేసింది, తీసింది. దీపం పెట్టింది. వాకిలి ఊడ్చింది. చట్రంతో వెనకే తిరుగుతూ నేను ఒకటే అనుకుంటున్నాను. ఇంకొంచెం ఆగు తల్లీ, గెంతేస్తే అయిపోతుంది. ఆ గెంతు మధ్యలో ఏముందో చూడకుండా దాటించేస్తుంది కదా, అందుకే మంచిది అనుకున్నాను. మా ఇంట్లో అందరం అలాగే గదా బతికేస్తున్నాం.

వదిన చేట ముందు కూర్చుంది. ఒక పక్కన బియ్యం దాచే కుండ. చెరిగే చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తోంది. చట్రం ఆ చేతుల మీద నిలిపాను. తరవాత కాళ్ల దగ్గరికి పట్టుకెళ్లాను. అప్పలసూరి మావ కాళ్లు గడప అవతల ఆగాయి. ఆయన వంగాడు, పెదాలు కదిపాడు. నేను చట్రం ఎత్తుకుని గడప దగ్గరికి ఉరికాను.

డప్పు దెబ్బ పడింది.

చట్రంలో ఎవరూ లేరు. ఊరంతా ఖాళీ గడప చూస్తోంది. డప్పువాడు కంగారుపడి ఇంకో దెబ్బ వేసి ఆపేశాడు. తిరిగి చూస్తే వదిన కూర్చున్న చోటే ఉంది. చేట ఒళ్లో ఉంది, చేతులు కదలడం లేదు. ముందు వరసలో అన్నయ్య కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచాడు.

నేను భయపడినంతా అయింది అనుకున్నాను. చట్రం దించేస్తే బొమ్మ అయిపోతుంది, ఆ హక్కు నాది. దించి, ఆ మనిషిని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోవచ్చు. నా చేతులు అప్పటికే కిందికి దిగుతున్నాయి.

అప్పుడు వదిన కుడిచెయ్యి కదిలింది.

చట్రం మళ్లీ ఎత్తి అక్కడికి నడిచాను. అలా వెనక్కి నడిచినవాడు మా వంశంలో లేడు. చట్రం పట్టుకునేవాడు పక్కన నిలబడతాడు కాబట్టి తల్లి మొహం వాడొక్కడికే కనపడుతుంది. నేను మొహం చూడలేదు. చేతులు చూశాను, వాటి ముందే చట్రం పెట్టాను.

వదిన చేటలోంచి ఒక గుప్పెడు బియ్యం తీసింది. కాసేపు అలాగే పట్టుకుంది. తిరిగి కుండలోనే పోసేసింది. రెండో గుప్పెడు తీసింది, పోసేసింది. మూడో గుప్పెడు తీసి ఒళ్లో పెట్టుకుంది. పెదాలు కదులుతున్నాయని నాకు తెలుసు, చూడకపోయినా తెలుసు. చాలాసేపటికి ఆ గుప్పెడు కూడా కుండలో పోసి, మూత పెట్టింది.

ఊళ్లోవాళ్లకి ఏం అర్థమైందో నేను చెప్పలేను. ఆడవాళ్లకి మాత్రం అర్థమైంది. వరస తరవాత వరస, వాళ్లు అటు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. చీరల చప్పుడు తప్ప ఏమీ లేదు. అన్నయ్య మాత్రం తిరగలేదు. వదిన వీపునే చూస్తూ ఉండిపోయాడు.

వదిన లేచింది. మెల్లగా గడప దాకా నడిచింది, నిలబడింది, గడప దాటి వెళ్లిపోయింది. ఖాళీ గడప ముందు చట్రం పట్టుకుని నేను ఎంతసేపున్నానో తెలియదు. ఊక రాలుతూనే ఉంది. చివరికి అప్పలసూరి మావ వచ్చి మెల్లగా దింపించాడు.

"మల్లీ ఏడు గెంతాలా, ఒద్దా మరి?" అని నా చెవి దగ్గర అడిగాడు.

"మా వొదిన్నడుగు మావా" అన్నాను.

మేం ఇంటికి చేరేసరికి వదిన చీర మార్చుకుని వంటింట్లో ఉంది. అన్నం పెట్టింది, తిన్నాం. అన్నయ్య, చెయ్యి కడుక్కుంటూ, ఎవరితోనూ అని కాకుండా అన్నాడు. "ఆస్పత్రిలో మొకం సూపించేరు. నిద్దరోతన్నట్టే ఉన్నాడు." అంతవరకూ ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు. వదిన చెంబుతో నీళ్లు పోస్తూ "ఊఁ" అంది.

పొద్దున్న లేచి, మొహం కడుక్కుని, అలవాటు కొద్దీ ఉల్లిపాయ చితక్కొట్టుకుని కూర్చుని చద్దిగిన్నె కోసం చెయ్యి చాపాను. గిన్నె తోమి బోర్లించి ఉంది.

"ఏటి ఎతుకుతన్నావు? మిగల్లేదు. ఈశ్వరి ఉప్మా సేస్తాది, ఉండు" అంది వదిన.

మూడు నెలలుగా దీని కోసమే చూశాను. ఈ అన్నం మిగలకుండా పోతే మా వదిన మనకు దక్కినట్టే అని ఈశ్వరితో ఎన్నోసార్లు అన్నాను. ఆ బోర్లించిన గిన్నె చూసేసరికి మాత్రం నాకు కిట్ట పోయాడని తెలిసింది. అంతవరకూ పొద్దున్నే వాడి వాటా నేను తింటున్నాను గనక వాడింకా ఇంట్లో ఉన్నట్టే ఉంది. రాత్రి ఆలస్యంగా వచ్చి తినకుండా పడుకున్నాడు, అందుకే మిగిలింది అన్నట్టుండేది. ఉల్లిపాయ చేతిలో పట్టుకుని నేను ఏడ్చాను. నలభై ఎనిమిదేళ్లవాణ్ణి, వెక్కి వెక్కి ఏడ్చాను.

వదిన నా పక్కనే పీట వాల్చుకుని, అటు తిరిగి కూర్చుని, నలుగురికి బియ్యం చెరగడం మొదలుపెట్టింది.